తాడు మీద ఎవరు?

తవిటినాయుడికి ఓపిక ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. ఇంజనీరింగు పట్టా ఉంది, చురుకైన బుర్ర ఉంది, నేర్చుకోవాలన్న ఆశ ఉంది. పని సాగుతుంటే రోజంతా కుర్చీలోంచి లేవడు. పని ఆగిందా, ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉంటాడు.

అతను పులిగెడ్డ ఆశ్రమానికి వచ్చి ఏడు నెలలైంది. సాలూరు అవతల కొండల కింద, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున, చూపులేని పిల్లల బడి అది. నలభై ముగ్గురు పిల్లలు. బడి నడిపే ఆయన పేరు సన్యాసిరావు. సన్యాసం పేరులోనే తప్ప ఒంటి మీద లేదు; తెల్ల లుంగీ, చేతుల బనీను, అంతే. ఆరో ఏట అమ్మవారు పోసి ఆయన చూపు పోయింది. టెలిఫోను ఆపరేటరుగా పాతికేళ్ళు చేసి, మధ్యలో కంప్యూటరు సొంతంగా నేర్చుకున్నాడు. కంప్యూటరుని నడిపే లైనక్స్‌తో చిక్కుపడ్డవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆయనకే ఫోన్ చేస్తారు.

జీతం వద్దు, మీ దగ్గర నేర్చుకుంటాను అంటూ వచ్చిన రోజున తవిటినాయుడితో ఆయన ఒక్క మాటే అన్నాడు. "ముందు తాడు పట్టుకుని నడవడం నేర్చుకో."

కళ్ళున్నవాడికి తాడెందుకని తవిటినాయుడు నవ్వేసి ఊరుకున్నాడు.

ఇప్పుడతనికొచ్చిన కష్టం లెక్కల పుస్తకం.

బడిలో పిల్లలు చదివే పుస్తకాలన్నీ అక్కడే అచ్చవుతాయి. మామూలు అక్షరాల్ని చుక్కల లిపిలోకి మార్చే ప్రోగ్రాం ఒకటి, ఆ చుక్కల్ని దళసరి కాగితం మీద పొడిచే యంత్రం ఒకటి. ఆ యంత్రాన్ని పిల్లలు ఏనుగంటారు. అది తొక్కుతుంటే ప్రెస్సు గది నేల అదురుతుంది. చిక్కంతా మార్చే ప్రోగ్రాంతోనే. అది పాతది, దానికి తెలుగు వచ్చుగానీ లెక్కల గుర్తులు రావు. రెండు ఘనం అని ఉన్నచోట ఇరవై మూడు అని వేస్తుంది.

పదో తరగతి చదివే నూకరత్నం ఆ ఇరవై మూడునే నమ్మి, బడి పరీక్షలో వంద మార్కులకి పద్నాలుగు తెచ్చుకుంది. అసలు పరీక్షకి ఇంక పందొమ్మిది రోజులే ఉన్నాయి. తప్పితే చదువు మాన్పించి ఇంట్లో గోగునార తాళ్ళు పేనడానికి కూచోబెడతామని వాళ్ళ నాన్న చెప్పి వెళ్ళాడు.

"కొత్త ప్రోగ్రాం దొరికింది, గురువుగారూ. లెక్కల గుర్తులు తప్పు లేకుండా వేస్తుంది," అన్నాడు తవిటినాయుడు.

"మంచిదే."

"కానీ మన కంప్యూటరులో లేవడం లేదు. దాన్ని తయారు చెయ్యడానికి కొత్త కంపైలర్ కావాలి. తయారయ్యాక ఆ ప్రోగ్రాం నడవడానికి, అన్నిటికీ ఆధారమైన మూల లైబ్రరీ కూడా కొత్తది కావాలి. మన దగ్గరున్నవి రెండూ పదకొండేళ్ళ నాటివి."

"మొత్తం సిస్టమే కొత్తది వేస్తే?"

"ఏనుగు మూగబోతుందేమోనని భయం. దాన్ని నడిపే ప్రోగ్రాం రాసినాయన పోయాడు. ఆయన రాసిన అసలు ప్రతి ఎక్కడా దొరకదు."

ఇంకో కంప్యూటరు మీద చేద్దామన్నా ఆశ్రమంలో ఉన్నది ఆ ఒక్కటే. తవిటినాయుడి ల్యాప్‌టాప్ శ్రావణంలో అతనితోపాటు గెడ్డ దాటబోయింది; అతను మాత్రమే దాటాడు.

"అయితే ఏం చేస్తానంటావు?"

"ఆ రెండూ మారుస్తాను. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంచుతాను. లైబ్రరీకయితే రెండే రెండు ఆజ్ఞలు. అయిదు నిమిషాల పని."

సన్యాసిరావు గ్లాసులో మిగిలిన అంబలి తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"గెడ్డ దారి తాడు చీకిపోయింది. రేపు సింహాచలం కొత్తది కడతాడు. నువ్వెళ్ళి సాయం చెయ్యి."

"గురువుగారూ, పరీక్షకి పందొమ్మిది రోజులే..."

"తాడు కూడా పరీక్షలోపే మారాలి," అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

*

ఆశ్రమంలో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలన్నా తాడే దారి. నడుమెత్తున గుంజలు పాతి, గోగునార తాళ్ళు కట్టి ఉంటాయి. వంటింటి తాడుకి గుంజ గుంజకీ ఒక ముడి, ప్రెస్సు తాడుకి రెండు, గెడ్డ తాడుకి మూడు. ముడి తడిమితే ఏ దారిలో ఉన్నదీ తెలుస్తుంది.

తాళ్ళు పేనేదీ కట్టేదీ సింహాచలం. అరవై దాటిన మనిషి, ఆయనకీ చూపులేదు. ఏ తాడు ముడి విప్పాలన్నా ముందు మూడుసార్లు కేకేస్తాడు. "తాడు మీద ఎవరూ?" మూడు కేకలకీ బదులు రాకపోతేనే ముడి మీద చెయ్యి వేస్తాడు. ఆ కేక విని తవిటినాయుడు ఏడు నెలలుగా ముసిముసిగా నవ్వుకుంటూనే ఉన్నాడు. దారి ఖాళీగా కళ్ళ ముందు కనిపిస్తుంటే కేకలెందుకు?

ఆ శనివారం పొద్దున్న అతను వెళ్ళేసరికి, సింహాచలం ఎడమచేత్తో పాత తాడు పట్టుకుని కుడిచేత్తో కొత్త తాడు ఈడ్చుకుంటూ గుంజ నుంచి గుంజకి నడుస్తున్నాడు. గుంజ చేరాక పాత ముడికి బెత్తెడు కింద కొత్త ముడి వేస్తున్నాడు.

"మావా, పాతది విప్పేసి అదే చోట కొత్తది కట్టేద్దాం. అరగంటలో అయిపోద్ది," అన్నాడు తవిటినాయుడు.

"అలాగే బాబూ. పాతది ఇప్పేత్తే, నాను దేన్ని పట్టుకుని ఆ గుంజ కాడికి ఎల్లాల?"

"నేనున్నాను కదా."

"నువ్వెన్నాళ్ళుంటావేటి?" అని సింహాచలం నవ్వాడు. "పాతది పట్టుకునే కొత్తది కట్టాల. కట్టీసినాక రెండూ వారం రోజులుంటాయి. సిన్నపిల్లలకి సెయ్యి అలవాటవ్వాల గదా. ఎవరు దేని మీద నడుస్తన్నారో నీకేటి తెలుస్తాది?"

తవిటినాయుడు రెండు గుంజలదాకా తాడు చుట్ట మోశాడు. మూడో గుంజ దగ్గర ఒంటి కాలి మీద నిలబడ్డాడు. నాలుగో గుంజ దగ్గర "నాకు ప్రెస్సులో పనుంది మావా" అని జారుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సన్యాసిరావు అడిగాడు. "తాడు కట్టడం చూశావా?"

"చూశాను, గురువుగారూ."

"అంతా చూశావా?"

"చూడ్డానికేముందండీ అందులో, తాడే కదా."

ఆయన మజ్జిగన్నం కలుపుకోవడంలో పడ్డాడు. మరేమీ అడగలేదు. దాన్ని తవిటినాయుడు అనుమతి కింద జమకట్టుకున్నాడు.

*

ఆదివారం సన్యాసిరావు చిన్నపిల్లల్ని తీసుకుని గెడ్డకి స్నానాలకి వెళ్ళాడు. ప్రెస్సులో ఏనుగు సైన్సు పాఠం తొక్కుతోంది. తవిటినాయుడు కంప్యూటరు ముందు కూర్చుని, ఎక్కడో చదివి కాగితం మీద ఎక్కించుకున్న రెండు వరుసలు పక్కన పెట్టుకున్నాడు. మొదటిది, పాత మూల లైబ్రరీని కంప్యూటరు లోపలే పక్క గదిలోకి, అంటే ఇంకో ఫోల్డరులోకి, జరపడం. రెండోది, కొత్తదాన్ని తెచ్చి ఆ చోట పెట్టడం.

మొదటి వరుస కొట్టాడు. యంత్రం మారుమాట లేకుండా జరిపేసింది.

రెండో వరుస కొట్టాడు. 'లైబ్రరీ తెరవడం కుదరలేదు, అలాంటి ఫైలు లేదు' అంది యంత్రం.

అక్షరం తప్పు పడిందేమో అనుకుని మళ్ళీ కొట్టాడు. అదే మాట. ఫైళ్ళ జాబితా చూపించమన్నాడు. అదే మాట. పోనీ జరిపినదాన్నే వెనక్కి తెమ్మన్నాడు. ఇందాక మారుమాట లేకుండా జరిపిన ఆజ్ఞే ఇప్పుడు అదే మాట అంది.

అప్పుడు తెలిసింది అతనికి. ఆ యంత్రంలో ఎంత చిన్న ఆజ్ఞయినా లేవగానే మొట్టమొదట పట్టుకునేది మూల లైబ్రరీని. అది చోటున లేదు. దాన్ని చోటుకి తెచ్చే ఆజ్ఞ కూడా ముందు దాన్ని పట్టుకునే లేవాలి. ఒక అడుగు వేశాక రెండో అడుగుకి నేల లేదు.

ఇలాంటప్పుడు అందరికీ తోచేదే అతనికీ తోచింది. ఆపేసి మళ్ళీ వేద్దాం. చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"అన్నయ్యా," అంది గుమ్మంలోంచి నూకరత్నం. తాడు చివర రెండు ముళ్ళూ తడుముకుంటూ నిలబడి ఉంది. "ఘనాల పాఠం ఎప్పుడొస్తాది?"

తవిటినాయుడు తెర వైపే చూస్తున్నాడు.

"ఏటన్నయ్యా, మాటాడవు? ఏనుగు బాగానే తొక్కుతంది గదా!"

తవిటినాయుడు ఏనుగు వైపు చూశాడు. నిజమే. అది సైన్సు పాఠం తొక్కుతూనే ఉంది. ఎలా?

"నూకాలూ," అన్నాడు. "గురువుగారు గెడ్డ దగ్గరున్నారు. బేగి పిలుచుకురా తల్లీ."

ఆమె వెళ్ళి వచ్చేదాకా అతను స్విచ్చి మీద చెయ్యి తియ్యలేదు, నొక్కనూ లేదు. నొక్కడానికి ఆ ఏనుగు చప్పుడు అడ్డం పడింది.

సన్యాసిరావు తడితలతోనే వచ్చాడు. బనీను మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఏం చేశావు?"

"మూల లైబ్రరీని పక్కకి జరిపాను. కొత్తది పెట్టే ఆజ్ఞ ఇక లేవడం లేదు. ఏదీ లేవడం లేదు. ఆపి మళ్ళీ వేద్దామని..."

"నీ చెయ్యి ఎక్కడుంది?"

"స్విచ్చి మీద."

"తియ్యి."

తీశాడు.

"విను," అన్నాడు గురువు.

ఏనుగు తొక్కుతోంది. ఒక కాగితం నిండి కింద పడింది. ఇంకోటి ఎక్కింది.

"అది దేన్ని పట్టుకుని నడుస్తోంది?"

తవిటినాయుడు ఆలోచించాడు. భయం కాస్త వెనక్కి జరిగి, ఆ జాగాలోకి వింత వచ్చి కూర్చుంది. "పాతదాన్నే, గురువుగారూ. నేను జరపకముందే పట్టుకుంది. ఇంకా వదల్లేదు. చోటు మారినా పట్టు పోలేదు."

"ఆపితే?"

"వదిలేస్తుంది. మళ్ళీ పట్టుకోవడానికి చోటున ఏమీ ఉండదు. యంత్రమే లేవదు."

"ఏనుగు కాక ఇంకెవరున్నారు?"

తవిటినాయుడు తెర వైపు చూశాడు. ఆజ్ఞలు రాసే నల్లటి కిటికీ తెరిచే ఉంది. అది కూడా జరపకముందు తెరిచిందే. "ఈ కిటికీ ఉంది."

"దానికి సొంతంగా ఏం వచ్చు? ఇంకెవర్నీ పిలవకుండా?"

చాలాసేపు పట్టింది అతనికి. ఏడు నెలల్లో ఆ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు. "గదుల్లో తిరగడం వచ్చు. చెప్పినమాట తిరిగి చెప్పడం వచ్చు."

"అయితే పక్క గదిలోకి నడిచి, అక్కడున్నవాళ్ళ పేర్లన్నీ చెప్పమను."

చెప్పమన్నాడు. జాబితా చూపించే ఆజ్ఞ చచ్చిపడి ఉన్నా, కిటికీ తన నోటితోనే పేర్లు వరసగా చెప్పింది. వాటి మధ్య పాత మూల లైబ్రరీ కూడా ఉంది. ఎక్కడికీ పోలేదు. దాన్ని చూసి తవిటినాయుడికి ఏడుపొచ్చినంత పనైంది.

సన్యాసిరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కీబోర్డు కింది అంచున, తెర మీది అక్షరాలు చుక్కలుగా లేచే పట్టీ ఉంది. ఎడమచేతి వేళ్ళు దాని మీద ఆన్చి, కుడిచేత్తో నిదానంగా ఒక్క వరుస కొట్టాడు. ప్రతి ఆజ్ఞనీ చెయ్యి పట్టుకుని లైబ్రరీ దగ్గరికి నడిపించే చిన్న ప్రోగ్రాం ఒకటి యంత్రంలో ఉంటుంది. అది తెరవెనక మనిషి, పేరు పెట్టి దాన్నెవరూ పిలవరు. ఆయన పిలిచాడు. ఇదిగో, ఈ ఒక్క ఆజ్ఞని మాత్రం మామూలు చోటికి కాదు, పక్క గదికి తీసుకెళ్ళు అన్నాడు. ఆ ఆజ్ఞ, జరిపినదాన్ని తిరిగి చోటున పెట్టేది.

"చదువు," అన్నాడు.

తవిటినాయుడు పైకి చదివాడు.

"ఇంకోసారి."

మళ్ళీ చదివాడు.

"నొక్కు."

నొక్కాడు. యంత్రం మారుమాట లేకుండా జరిపింది. జాబితా చూపించమంటే చూపించింది. ఏనుగు ఇంకో కాగితం ఎక్కించుకుంది.

గురువుగారు తిట్టి ఉంటే తవిటినాయుడికి హాయిగా ఉండేది. ఆయన తిట్టలేదు. తుండుతో తల తుడుచుకుంటూ, "ఇరవయ్యేళ్ళ కిందట నేనూ ఇదే చేశాను," అన్నాడు. "నా చెయ్యి కూడా స్విచ్చి మీదే ఉంది. తియ్యి అనడానికి ఎవరూ లేరు. యంత్రం మళ్ళీ లేచేసరికి పదకొండు రోజులు పట్టింది."

*

ఆయన వెళ్ళాక కూడా తవిటినాయుడు తెర మీది ఆ ఒక్క వరుసనే చూస్తూ కూర్చున్నాడు. ఇందాకటి సిగ్గు ఇంకా ఉంది. దాన్ని మించి ఇంకోటి గిలిపెడుతోంది. ఒక్క ఆజ్ఞని మాత్రం పక్క గదికి తీసుకెళ్ళు అంటే తీసుకెళ్ళింది కదా. మరి...

లేచి గబగబా గెడ్డ దారికి పోయాడు. సింహాచలం తొమ్మిదో గుంజ దగ్గర ఉన్నాడు. తవిటినాయుడు మొదటి గుంజ దగ్గరే ఆగి, కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో పాత తాడు, కుడిచేత్తో కొత్త తాడు పట్టుకున్నాడు. నడిచాడు. కొత్త తాడు బిగుతుగా, గరుగ్గా ఉంది. పాతది చేతికి నున్నగా తగులుతోంది. తొమ్మిదో గుంజ దాటగానే కుడిచెయ్యి గాలిలోకి పోయింది. ఎడమచెయ్యి మాత్రం తాడు మీదే ఉంది.

"ఏటి నాయుడూ, కళ్ళు మూసుకున్నావా?" అన్నాడు సింహాచలం.

"నీకెలా తెలిసింది మావా?"

"అడుగు సప్పుడు మారింది."

ఆ సాయంత్రందాకా తాడు చుట్ట మోసింది తవిటినాయుడే. ఒక్కసారీ గడియారం చూడలేదు. ముడి ఎలా వెయ్యాలో అడిగాడు, ఎందుకు బెత్తెడు కిందే వెయ్యాలో అడిగాడు, గుంజ ఊగితే ఏం చేస్తావని అడిగాడు. "నువ్వు పోలీసోడివై పుట్టాల్సింది," అన్నాడు సింహాచలం. సోమవారం పొద్దున్నకి కొత్త తాడు గెడ్డదాకా పడింది. పాతది కూడా అలాగే ఉంది.

సోమవారమే తవిటినాయుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మొదట రెండు కిటికీలు తెరిచాడు. ఒకదాంట్లో పని. రెండోదాంట్లో ఏమీ చెయ్యలేదు, ఊరికే తెరిచి ఉంచాడు. తర్వాత కొత్తవాటి కోసం విడిగా ఒక గది పెట్టాడు. పాత కంపైలర్‌తోనే కొత్త కంపైలర్‌ని కట్టించాడు. ఆ కొత్తదానితో దాన్నే మళ్ళీ కట్టించి, ఇంకోసారి కట్టించి, చివరి రెండూ తేడా లేకుండా ఉన్నాయో లేదో పోల్చి చూశాడు. కొత్త మూల లైబ్రరీని కూడా ఆ గదిలోనే కట్టాడు. పాతదాని చోటు వైపు చెయ్యి పోనివ్వలేదు.

బుధవారం కొత్త లైబ్రరీ సగంలో విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఏనుగు సాంఘికశాస్త్రం తొక్కుతూనే ఉంది, పిల్లలు పుస్తకాలు పట్టుకెళుతూనే ఉన్నారు. తవిటినాయుడు విరిగిందాన్ని ఊడ్చేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో తెలుసుకోవడం అతనికి భలే ఇష్టంగా ఉంది. అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిపించుకున్నాడు.

రోజూ సాయంత్రం సన్యాసిరావు గుమ్మం దగ్గర ఆగి ఒక్కటే అడిగేవాడు. "ఏనుగు నడుస్తోందా?"

"నడుస్తోంది, గురువుగారూ."

"సరే," అని వెళ్ళిపోయేవాడు.

ఆదివారానికి కొత్త ప్రోగ్రాం తయారైంది. తయారుచేసేటప్పుడే దాని మెడలో ఒక చీటీ కట్టాడు తవిటినాయుడు. నీ లైబ్రరీ మామూలు చోట లేదు, ఫలానా గదిలో ఉంది, నిన్ను అక్కడికి నడిపించేవాడు కూడా ఆ గదిలోనే ఉన్నాడు, అని. మిగతా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరి తాడు వాళ్ళకే ఉంది.

లేవమన్నాడు. లేచింది.

*

మర్నాడు సోమవారం పొద్దున్న ఘనాల పాఠం మొదటి పేజీ ఏనుగు కింద నుంచి వచ్చింది. తవిటినాయుడు దాన్ని చూశాడు గానీ అతని చూపుకి నమ్మకం చాలలేదు. నూకరత్నాన్ని పిలిచాడు.

ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచి, రెండు చూపుడువేళ్ళూ దాని మీద ఆన్చింది. వేళ్ళు నడిచాయి. ఆగాయి. వెనక్కి వెళ్ళాయి.

"రెండు," అంది. "పైన... మూడు." మళ్ళీ తడిమింది. "రెండు ఘనం! ఎనిమిది! అన్నయ్యా, ఇరవై మూడు కాదు, ఎనిమిది!"

కింది వరుస కూడా చదివింది. మూడు వర్గం తొమ్మిది. అయిదు ఘనం దగ్గర నోట్లోనే గొణుక్కుని, "నూట పాతిక," అంది. నవ్వింది. ఇన్నాళ్ళూ తన బుర్రలోనే ఏదో లోపముందనుకున్న పిల్ల నవ్విన నవ్వు అది. తవిటినాయుడు మొహం తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

"పరీక్ష తొమ్మిది రోజులుంది గదా. మిగిలిందంతా ఎప్పుడొస్తాది?"

"ఎల్లుండికి."

"ఇది నాను ఒట్టుకెళ్ళిపోతాను," అని ఆ ఒక్క కాగితాన్నీ గుండెలకి హత్తుకుని, గుమ్మం పక్కనున్న తాడు అందుకుని వెళ్ళిపోయింది.

సన్యాసిరావు కిటికీ పక్క బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం మీద సంతోషం దాగలేదు, దాచుకోలేదు కూడా.

తవిటినాయుడు అంబలి తాగి వచ్చి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పని అయింది కదా, ఇక సర్దుబాటు మీదికి మనసు పోయింది. డిస్కులో చోటు తక్కువగా ఉంది, లెక్కల పుస్తకం అంతా పట్టాలి. పాతదీ కొత్తదీ రెండూ ఎదురుగా కనిపిస్తుంటే అతనికి కంట్లో నలుసులా ఉంది.

"గురువుగారూ, ఏనుగు ప్రోగ్రాంని కూడా కొత్తదాని మీద నడిపి చూశాను. భయపడ్డట్టు మూగబోలేదు. రెండు పేజీలు తొక్కింది. రాత్రి మిగిలినవాటిని కూడా కొత్తదాని మీదికి మళ్ళించి, అన్నీ చూశాను. పాత లైబ్రరీ మీద ఇప్పుడు ఎవరూ లేరు. తీసేస్తే చోటు కలిసొస్తుంది."

"ఎవరూ లేరా?"

"లేరు, గురువుగారూ. చూశాను కదా."

సన్యాసిరావు కిటికీ రెక్కని ఇంకాస్త తెరిచాడు.

కొత్త తాడు కట్టి ఆ రోజుకి వారం. కిటికీలోంచి గెడ్డ దారి మలుపుదాకా కనిపిస్తోంది. గుంజలు, వాటి మీద ఒకదాని కింద ఒకటి రెండు తాళ్ళు. మొదటి గుంజ దగ్గర సింహాచలం, పాత తాడు విప్పడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. దారి మీద పిట్ట కూడా లేదు. పిల్లలందరూ ఈపాటికి కొత్త తాడుకి అలవాటు పడిపోయారు. ఈ వారమంతా తవిటినాయుడు కళ్ళారా చూస్తూనే ఉన్నాడు.

సింహాచలం కేకేశాడు. "తాడు మీద ఎవరూ?"

ఎవరూ పలకలేదు. తవిటినాయుడు పాతదాన్ని తీసెయ్యమనే ఆజ్ఞ కొట్టాడు. ఇక మీట నొక్కడమే తరువాయి.

"తాడు మీద ఎవరూ?"

గెడ్డ చప్పుడు తప్ప మరేమీ లేదు. తవిటినాయుడి వేలు మీట మీదికి వచ్చింది.

"తాడు మీద ఎవరూ?"

మలుపు అవతల నుంచి, చెట్లు అడ్డమై కంటికి కనిపించని చోటు నుంచి, సన్నగా ఒక గొంతు వచ్చింది.

"నానున్నాను తాతా! నూకాల్ని! ఒక సేతిలో కాయితం ఉంది, ఉండు!"

సింహాచలం ముడి మీద నుంచి చెయ్యి తీసేసి, గుంజకి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు. తొందరేమీ లేనట్టు చుట్ట తీసి వెలిగించుకున్నాడు.

కాసేపటికి, గెడ్డ ఒడ్డున కూచుని చదువుకోవడానికి వెళ్ళిన నూకరత్నం మలుపు తిరిగి వస్తూ కనిపించింది. కుడిచేత్తో కాగితం హత్తుకుని, ఎడమచేత్తో పాత తాడు పట్టుకుని, మెల్లగా వస్తోంది. పెదాలు ఏవో అంకెలు చెప్పుకుంటున్నాయి.

ప్రెస్సు గదిలో గురువు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"నాయుడూ," అన్నాడు సన్యాసిరావు. "నీ చెయ్యి ఎక్కడుంది?"

"ఒళ్ళో ఉంది, గురువుగారూ."